కొంగలకిచ్చిన కౌలు

మా తాతయ్యగారి కళ్ళం గట్టున ఒక చింతచెట్టు ఉండేది. దాని మొదలు చుట్టూ ముగ్గురు పిల్లలం చేతులు కలిపినా ఇంకో మూర మిగిలేది. తొలకరి పడి, కాలవలకు నీళ్ళు వదిలాక, ఆ చెట్టుమీద కొంగలు, నీటికాకులు గూళ్ళు పెట్టేవి. వాటి గోల తెల్లవారుజామున మొదలై చీకటి పడినా ఆగేది కాదు. చెట్టు కింద నేల సున్నం కొట్టినట్టు ఉండేది. నీచువాసన వల్ల అటుపక్క ఇళ్ళవాళ్ళు కిటికీలు మూసుకునేవారు, దండేలమీద బట్టలు ఆరేసుకునే ఆడవాళ్ళు తిట్టుకునేవారు. అయినా ఎవరూ రాయి విసరగా నేను చూడలేదు. ఎందుకని అప్పట్లో అడగాలని తోచలేదు.

1978లో మా చిన్నత్తయ్య పెళ్ళికి డబ్బు చాలక తాతయ్య ఆ చెట్టును అడితివాడికి అమ్మారు. శ్రావణంలో ముహూర్తం గనుక ఆషాఢంలోనే కొట్టించవలసి వచ్చింది. సరిగ్గా గూళ్ళలో పిల్లలున్న రోజులు. చెట్టు పడ్డ మధ్యాహ్నం నాయనమ్మ బ్రతికున్న పిల్లల్ని ఏరి ఒక గంప కింద పెట్టి, కాలవలో పరిగెలు పట్టించి తెప్పించి, నోళ్ళు తెరిచి తినిపించింది. నాలుగోరోజుకు గంప ఖాళీ అయింది. పెద్ద పక్షులు రెండు మూడు రోజులు ఆ ఖాళీ జాగా మీద తిరిగి ఎటో వెళ్ళిపోయాయి. పెళ్ళి బాగా జరిగింది. ఇంట్లో మళ్ళీ ఎవరూ ఆ చెట్టు మాట ఎత్తలేదు.

ఇన్నేళ్ళ తరువాత ఆ సంగతి గుర్తుకు రావడానికి కారణం ఒక పాత వ్యాసం. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారి పత్రిక పాత సంపుటాలు చాలావరకు ఇప్పుడు అంతర్జాలంలో దొరుకుతున్నాయి. అందులో 1949 నాటిది, దక్షిణ భారతదేశంలోని ఒక గూడబాతుల స్థావరం గురించినది, కె.కె. నీలకంఠన్ రాసినది ఉంది. నీలకంఠన్ మలయాళీ. తరువాత కాలంలో 'ఇందుచూడన్' అన్న కలంపేరుతో కేరళ పక్షులమీద రాసిన పుస్తకంతో అక్కడ ఇంటింటికీ తెలిసిన మనిషి. అయితే 1946లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఆయన చూసిన ఆ స్థావరం మన పశ్చిమగోదావరి జిల్లాలోని ఆరేడు. కొల్లేటికి ఎంతో దూరం లేని ఊరు. దాదాపు మూడువేల గూడబాతులు అక్కడ గూళ్ళు కట్టేవి. ఆ పక్షులు అప్పటికి ఎన్నాళ్ళనుంచి అక్కడ ఉన్నాయోగాని, వాటి ఉనికి బయటి ప్రపంచానికి తెలిసింది మాత్రం ఆయన రాతవల్లే. 1975 ప్రాంతానికి అక్కడ ఒక్క గూడూ లేదు.

ఈ రెండు తేదీల మధ్య ముప్పై ఏళ్ళయినా లేవు. మూడువేల పక్షులు! ఒక్కొక్కటి రెక్కలు చాపితే ఏడెనిమిది అడుగులు ఉండే పక్షి. అవి వెళ్ళిపోతుంటే ఆ ఊళ్ళలో ఎవరికీ తెలియకపోయి ఉంటుందా? తెలిసే ఉంటుంది, మా ఊళ్ళో అందరికీ తెలిసినట్టే. రాసినవాళ్ళు లేరు, అంతే.

గూడబాతు అన్న పేరు చూడండి. కాలవలోంచి పొలంలోకి ఇద్దరు మనుషులు చెరో పక్కన తాళ్ళు పట్టుకుని నీళ్ళు చల్లే సాధనం గూడ. ఈ పక్షి ముక్కు కింద వేలాడే తోలుసంచి అచ్చం అలాగే పనిచేస్తుంది, నీళ్ళతో సహా చేపల్ని తోడి, నీళ్ళు వదిలేసి చేపల్ని మింగుతుంది. ఈ పేరు ఆ పోలికనుంచే వచ్చిందని నా నమ్మకం. (నిఘంటుకర్తలు కాదంటే వాదించను.) పేరు పెట్టినవాడు ఆ పక్షిని రోజూ పొలంగట్టుమీదనుంచి చూసినవాడై ఉండాలి.

మన పక్షుల తెలుగు పేర్లు మొదటిసారి అచ్చులోకి రావడంలో టి.సి. జెర్డన్ అనే సైనిక వైద్యుడి పాత్ర పెద్దది. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన రోజుల్లో ఆయన యానాదులతో పరిచయం పెంచుకుని, జంతువులగురించి, పక్షులగురించి వారికి తెలిసినది విని రాసుకున్నాడు. 1862-64 మధ్య వెలువడిన ఆయన పక్షుల గ్రంథంలో చాలా పక్షులకు తెలుగు పేర్లు కనిపిస్తాయి. గూడబాతుల గురించి చెబుతూ ఆయన, కర్ణాటక సీమలో, అంటే నెల్లూరునుంచి దక్షిణంగా సాగే తీరప్రాంతంలో, ఒక ఊరు నడిమధ్య పొట్టి చెట్లమీద అవి గూళ్ళు కట్టుకోగా చూశాననీ, మనుషులు అంత దగ్గర మసలుతున్నా లెక్కచేయలేదనీ రాశాడు. ఊరి పేరు చెప్పలేదు. ఈ వాక్యం నన్ను చాలాసేపు ఆపింది. అడవిలో కాదు, చెరువు మధ్య దీవిలో కాదు, ఊరి నడిమధ్య. పక్షి భయపడకపోవడం ఒక్కనాటి సంగతి కాదు. కొన్ని తరాలు ఆ ఊరివాళ్ళు దాన్ని కొట్టకుండా ఉంటేనే అది అలా ఉండగలదు. అంటే జెర్డన్ చూసింది గూళ్ళను మాత్రమే కాదు, ఒక ఒప్పందాన్ని కూడా.

అటువంటి ఒప్పందం కాగితంమీదికి ఎక్కిన సందర్భం కూడా ఉంది. అది మన జిల్లాల్లో కాదు, నెల్లూరికి దక్షిణాన, మద్రాసు అవతల చెంగల్పట్టు సీమలో. వేదాంతంగల్ చెరువులోని కడపచెట్లమీద కొంగలు, నీటికాకులు ఏటా గూళ్ళు కట్టేవి. కుంఫిణీ సిపాయిలు వచ్చి సరదాకు వాటిని కాల్చడం మొదలుపెడితే, ఊరివాళ్ళు కలెక్టరు దగ్గరికి వెళ్ళి గట్టిగా నిలదీశారు. 1798లో కలెక్టరు లయొనెల్ ప్లేసు, ఆ పక్షుల్ని కాపాడుకునే హక్కు ఊరివారికి పూర్వంనుంచీ ఉన్నదని ఒప్పుకుంటూ కౌలు రాసిచ్చాడు. మధురాంతకం చెరువు కట్ట కథలో రామలక్ష్మణులు కట్టమీద కాపలా తిరగగా చూశాడని చెప్పుకునే దొర ఈయనే. మధురాంతకం వేదాంతంగల్‌కు దగ్గరే. చెరువుల మరమ్మతులమీద శ్రద్ధ ఉన్న కలెక్టరు కాబట్టి ఊరివాళ్ళ వాదన ఆయనకు అర్థమై ఉంటుంది. ఎందుకంటే వాళ్ళ వాదన దయ గురించి కాదు, చెరువు గురించి. పక్షుల రెట్ట పడ్డ చెరువునీళ్ళు పారితే పొలాలకు వేరే ఎరువు అక్కరలేదు. ఆ రోజుల్లో నత్రజని, భాస్వరం అన్న మాటలు వారికి తెలియకపోవచ్చు, వరి కంకి బరువు తెలుసు.

కౌలు అన్న మాట మనకు పొలం కౌలుగా మిగిలిపోయింది. పూర్వం దాని పరిధి పెద్దది. అరబ్బీ, పారశీకాల ద్వారా మనకొచ్చిన ఆ మాటకు అసలు అర్థం పలుకు, ఇచ్చిన మాట. బీడుపడ్డ నేలను సాగుకు తెచ్చేవారికి తక్కువ పన్ను మీద రాసిచ్చే పత్రమూ కౌలే, నీకు ఏ హానీ జరగదు, వచ్చి ఉండమని ఇచ్చే అభయపత్రమూ కౌలే. వేదాంతంగల్ పక్షులకు దొరికింది ఈ రెండో రకం. ఆ చెరువు 1936లో ప్రభుత్వ రక్షిత స్థలమైంది. కానీ దాని చరిత్రను 1936నుంచి మొదలుపెట్టడం, కొడుకు పెళ్ళినుంచి తండ్రి వయసు లెక్కపెట్టడం లాంటిది.

మన నేలపట్టుకు ఇలాంటి కాగితం ఏదీ లేదు. నెల్లూరు జిల్లా దొరవారిసత్రం మండలంలోని ఈ ఊరు 2022 జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పులికాటుకు దగ్గర. చెరువులో వందలకొద్దీ కడపచెట్లు, నీళ్ళలో మొలలోతు మునిగి నెలల తరబడి నిలబడగలిగిన చెట్లు. ఈశాన్య ఋతుపవనం బాగా కురిసి చెరువు నిండితే అక్టోబరునుంచి గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు వచ్చి మార్చి దాకా ఉంటాయి. చెరువు నిండని ఏడు రావు, వచ్చినా గూళ్ళు కట్టవు. చెట్టు చుట్టూ నీళ్ళుంటేనే పిల్లికి, పాముకు, మనిషికి అందకుండా పిల్లల్ని పెంచుకోగలమని వాటికి తెలుసు. 1976లో 458.92 హెక్టార్ల మేర దీన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. ఆరేడు ఖాళీ అయిన కాలంలోనే ఇది జరగడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ప్రకటించేనాటికి అక్కడ పక్షులు ఉన్నాయంటే, చెరువులో కడపచెట్లు నిలిచి ఉన్నాయంటే, అంతకుముందు వాటిని వంటచెరకుగా కొట్టుకోని వాళ్ళెవరో ఉన్నారన్నమాట. వాళ్ళ పేర్లు ఏ గెజెట్‌లోనూ లేవు.

స్వచ్ఛంద సేవకులు అన్న మాట ఇక్కడ వాడాలా వద్దా అని ఆలోచించాను. వాలంటీరు అందామంటే ఆంధ్రలో 2019 తరువాత కొన్నేళ్ళపాటు ఆ మాటకు వేరే అర్థం స్థిరపడింది. అదీగాక, వీళ్ళు 'సేవ' చేస్తున్నామని ఎన్నడూ అనుకోలేదు. అనంతపురం జిల్లా వీరాపురం (ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా, చిలమత్తూరు మండలం) ఊళ్ళో చింతచెట్లమీద ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. అక్కడివాళ్ళు వాటిని కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచులంటారు. ఈ మాటలోని తెలివి గమనించారా? పుట్టింటికొచ్చిన ఆడపిల్లకు పెట్టేది దానం కాదు, హక్కు. ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా, ఏడ్చే పసిపిల్లలతో నిద్రలేకపోయినా, పొమ్మనలేం. ఒక్క బంధుత్వం పేరు పెట్టి, ఏ చట్టమూ రాయలేనన్ని నియమాలను ఊరంతటికీ ఒక్కసారి చెప్పేశారు.

అయితే బంధుత్వానికి ఖర్చుంటుంది. వీరాపురంలో కొంగలు వచ్చేది వేసవికి ముందు. చింతకాయ పండి, దులిపి, గింజ తీసి అమ్ముకునేది సరిగ్గా ఆ కాలంలోనే. గూళ్ళున్న చెట్టు ఎక్కి దులపలేరు. ఖమ్మం దగ్గర చింతపల్లిలోనూ ఇవే కొంగలు, ఇవే చింతచెట్లు. ఊరంతా కొంగల పేరు చెప్పుకుని మురిసిపోవచ్చు, పత్రికల్లో ఫొటో రావచ్చు, నష్టం మాత్రం చెట్టున్నవాడిదే. ఊరి కౌలుకు కట్టుబడి పన్ను కట్టేది ఒక్క ఇల్లు. తాతయ్య విషయంలో నేను ఇన్నాళ్ళూ చూడనిది ఇదే. ఊరంతా ఆ కొంగల్ని సహించింది, నిజమే. కానీ ఆయన చెట్టు అమ్ముకుంటుంటే, కొట్టొద్దు, పెళ్ళి ఖర్చులో తలా కాస్త వేసుకుంటాం అన్నవాళ్ళు లేరు. అసలు ఆ ఆలోచనే ఎవరికీ వచ్చి ఉండదు. ఆయన్ని తప్పు పట్టడం సులువు, నేనూ చాలా ఏళ్ళు మనసులో ఆ పనే చేశాను.

ఈ ముడిని కొంతవరకు విప్పింది కన్నడిగులు. మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఇళ్ళమధ్య చెట్లమీదే గూళ్ళు కడతాయి. ఊరి పేరులోనే కొంగ ఉంది, కన్నడంలో కొక్కరె అంటే కొంగ. 1976లో ఎస్.జి. నెగిన్‌హాళ్ అనే అటవీ అధికారి దాన్ని వెలుగులోకి తెచ్చారు. చింతచెట్ల యజమానులకు పక్షులవల్ల కలిగే నష్టానికి ప్రభుత్వం పరిహారం ఇచ్చే పద్ధతి అక్కడ వచ్చింది. డబ్బు పెద్దదేమీ కాదు. కాని నష్టం ఫలానావాడిదని ఒప్పుకోవడమే పెద్ద సంగతి. తరువాత మైసూరుకు చెందిన పక్షిప్రేమికులు, ముఖ్యంగా కె. మను, ఊరి యువకులతో కలిసి పనిచేయగా 'హెజ్జార్లె బళగ' ఏర్పడింది. హెజ్జార్లె అంటే గూడబాతు, బళగ అంటే బంధుకోటి. ఇక్కడా బంధుత్వమే! గూళ్ళనుంచి కిందపడ్డ పిల్లల్ని ఏరి, దడి కట్టిన ఆవరణలో ఉంచి, చేపలు తినిపించి, రెక్కలొచ్చాక వదిలేస్తారు. ఇది చదివినప్పుడు నాయనమ్మ గంప కళ్ళముందు కదలకుండా ఎలా ఉంటుంది? ఆమెకు పరిగెలు ఎన్నాళ్ళు దొరుకుతాయి, ఎవరు పట్టి తెస్తారు, ఎంతెంత పెట్టాలి, చెప్పేవాళ్ళు లేరు. వీళ్ళకు పదిమంది తోడున్నారు. తేడా అంతే.

2002లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు, ప్రైవేటు భూముల్లోనూ ఊరివాళ్ళ భాగస్వామ్యంతో రక్షణకు వీలుగా 'కమ్యూనిటీ రిజర్వు' అన్న కొత్త తరగతిని చేర్చారు. 2007లో కొక్కరె బెళ్ళూరు ఆ తరగతిలోకి వచ్చింది. 1798లో దొర రాసిచ్చిన కౌలుకు రెండు వందల తొమ్మిదేళ్ళ తరువాత వచ్చిన మనవరాలని నేననుకుంటాను.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. తేలినీలాపురం గురించి గాని, ఉప్పలపాడు గురించి గాని పత్రికల్లో వచ్చిన ఏ వార్త తీసినా "సైబీరియానుంచి వేల మైళ్ళు ఎగిరి వచ్చిన విదేశీ అతిథులు" అని ఉంటుంది. తప్పు. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ, ఇవన్నీ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. నీళ్ళనుబట్టి, తిండినుబట్టి కొన్ని వందల మైళ్ళు తిరుగుతాయిగాని సైబీరియా మొహం ఎరగవు. చలికాలానికి ఉత్తరదేశాలనుంచి వలస వచ్చే బాతులవంటివి ఇక్కడ తిని పోతాయి, పిల్లల్ని పెట్టేది తిరిగి వెళ్ళాకే. గూడు ఇక్కడ కట్టిందంటే దాని సొంతూరు ఇదే. వీరాపురంవాళ్ళ ఆడపడుచు మాట శాస్త్రానికి దగ్గరగా ఉంది, చదువుకున్న విలేఖరుల సైబీరియా దూరంగా ఉంది. దీన్ని చాదస్తంగా పట్టుకోవడానికి కారణముంది. అతిథి అయితే ఈ ఊరు కాకపోతే ఇంకో ఊరికి పోతుంది, మనకేం బాధ్యత? ప్రపంచంలో ఈ గూడబాతు గూళ్ళు కట్టే చోట్లు కొద్ది. దక్షిణ భారతం అందులో ముఖ్యమైనది. ఇక్కడ చెట్టు పోతే సైబీరియాలో ఇంకో చెట్టు దానికోసం కాచుకుని లేదు.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఆ పక్షులు రావడాన్ని శుభమనుకుంటారు, అవి రాని ఏడు పంటలకు మంచిది కాదని భయపడతారు. ఆ నమ్మకంలో కొంత లెక్క ఉంది. చుట్టుపక్కల నీళ్ళు, చేపలు లేకపోతే అవి ఎలాగూ రావు. కానీ నమ్మకం చెట్టును గాలివాననుంచి కాపాడలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస ప్రాంతాన తీరం దాటి ఆ సీమలో చెట్లన్నిటినీ ఊడ్చిపెట్టింది. పాత చెట్టు ఒకటి పడితే, గూళ్ళు మోయగల కొత్త చెట్టుకు ఇరవై, ముప్పై ఏళ్ళు పడుతుంది.

గుంటూరు పక్కనున్న ఉప్పలపాడులో కష్టం ఇంకో రకం. ఊరి చెరువులో తుమ్మచెట్లు కొన్నే, పక్షులు వేలు. చెట్లు చాలక ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. కైకలూరు దగ్గర ఆటపాకలోనూ అంతే. ఆ ఇనుపచెట్లమీద గూడబాతులు గూళ్ళు కట్టుకుని పిల్లల్ని లేపుతున్నాయి. మొదట విన్నప్పుడు నాకు మనసొప్పలేదు. తరువాత అనిపించింది, ఆరేడు ఖాళీ అయ్యాక కొల్లేటి పక్కకు గూడబాతులు మళ్ళీ వచ్చాయంటే, దానికి ఇనుమైనా చెక్కయినా ఏం తేడా అని. కొల్లేటిలో చేపలచెరువులు గట్లు కట్టుకుంటూ పోయి, 1999లో ఐదో కాంటూరు దాకా రక్షిత కేంద్రంగా ప్రకటించి, 2002లో రాంసార్ జాబితాలో చేర్చి, 2006లో ఆ గట్లను పేల్చి తెగ్గొట్టేదాకా నడిచిన కథ మరొక పెద్ద వ్యాసం. చేపలరైతుకు గూడబాతు శత్రువే, అది రోజూ తినే చేప అతని పెట్టుబడి. అక్కడ కౌలు ఎవరు ఎవరికివ్వాలో తేలలేదు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బాబాయిని అడిగాను, ఆ చింతచెట్టుమీది కొంగల్ని ఎవరూ ఎందుకు కొట్టేవారు కాదని. ఆయన కాసేపు ఆలోచించి, "మీ తాతయ్య వాళ్ళ నాన్న వద్దన్నాడట. అందుకని ఎవరూ కొట్టేవాళ్ళు కాదు" అన్నారు. "మరి చెట్టు కొట్టొద్దని కూడా అన్నాడా?" అంటే, "చెట్టు కొడతారని ఆయనెందుకనుకుంటాడురా!" అన్నారు. కళ్ళం జాగాలో ఇప్పుడు రేకుల షెడ్డు ఉంది, ధాన్యం బస్తాలు వేస్తారు.

మీ ఊళ్ళో ఇలాంటి చెట్టుగాని చెరువుగాని ఉంటే, ఏ చెట్టు, ఎవరిది, ఏ నెలలో ఏ పక్షులు వస్తాయి, కొట్టొద్దని ఎవరన్నారు, ఈ నాలుగు ముక్కలూ రాసి పెట్టండి. పోయిన చెట్లైనా సరే.